టార్చ్ రిపోర్టులో ఐజీజీ పాజిటివ్ వచ్చింది, నాకు నాలుగో నెల. భయపడాలా?

ఏలూరు_అమ్మాయి

అందరికీ నమస్కారం. నాకు ఇప్పుడు నాలుగో నెల. పోయినేడాది రెండో నెలలోనే గర్భం పోయింది. అందుకే ఈసారి ఇంట్లో అందరికీ భయంగా ఉంది. గర్భంలో బిడ్డకు హాని చేసే కొన్ని క్రిముల కోసం చూసే టార్చ్ రక్తపరీక్ష చేయించమన్నారు, బయట ల్యాబులో ఇచ్చాం. రిపోర్టులో రుబెల్లా ఐజీజీ పాజిటివ్, సీఎంవీ అనే వైరస్‌కు కూడా ఐజీజీ పాజిటివ్ అని ముద్ద అక్షరాల్లో ఉంది. పిల్లుల మలం, పచ్చి మాంసం ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా అనే క్రిమికి నెగెటివ్. ఐజీఎం మాత్రం మూడింటికీ నెగెటివ్. మా డాక్టరమ్మ ఊళ్లో లేరు, వచ్చే వారం గానీ రారు. ఆ "పాజిటివ్" చూసినప్పటి నుంచి మా అత్తగారికి అన్నం సహించడం లేదు. బిడ్డకు ఏమైనా అవుతుందా? పోయినసారి జరిగినదానికి కూడా ఇదే కారణమా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

గుంటూరు_కోడలు

చెల్లీ, ముందు నువ్వు కాస్త స్థిమితపడు. నాకూ అచ్చం ఇలాగే వచ్చింది. టాక్సో ఐజీజీ పాజిటివ్ అని నెలల తరబడి స్పైరామైసిన్ మాత్రలు మింగించారు, కడుపులో తిప్పి నరకం చూశాను. తర్వాత వేరే డాక్టరుకు చూపిస్తే ఆ రిపోర్టుకు అసలు మందే అక్కర్లేదన్నారు. బాబు బాగున్నాడు, స్కూలుకు వెళ్తున్నాడు. మందు మొదలుపెట్టమని ఎవరైనా అంటే మాత్రం ఎందుకో అడుగు.

బెజవాడ_గైనిక్

అమ్మా, నేను గైనకాలజిస్టుని. నిన్ను చూడకుండా వైద్యం చెప్పలేను. రిపోర్టు ఎలా చదవాలో మాత్రం చెప్తాను.

ఐజీజీ అంటే ఆ క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చి వెళ్లిందనో, టీకా పడిందనో చెప్పే గుర్తు. గాయం మానాక మిగిలే మచ్చ లాంటిది. ఐజీఎం సాధారణంగా కొత్తగా సోకినప్పుడు కనిపిస్తుంది. నీకు ఐజీజీ ఉంది, ఐజీఎం లేదు. రుబెల్లా విషయంలో ఇంతకంటే మంచి రిపోర్టు ఉండదు. రుబెల్లా నిన్ను, నీ బిడ్డను ఏమీ చేయలేదని దాని అర్థం. ఐజీజీ నెగెటివ్ వచ్చినవాళ్లే నిజానికి జాగ్రత్త పడాలి, ఎందుకంటే వాళ్లకు రక్షణ లేదు.

సీఎంవీ మన దేశంలో పెళ్లీడు వచ్చేసరికి దాదాపు అందరికీ సోకి ఉంటుంది. గర్భంలో ఉండగా మొదటిసారి సోకితే నూటికి 30-40 మందిలో బిడ్డకు చేరే అవకాశం ఉంది. ముందే సోకి ఉన్నవాళ్లలో అది నూటికి ఒకటి దగ్గర ఉంటుంది. నువ్వు ఆ రెండో జాబితాలో ఉన్నావు.

ఇక పోయినసారి సంగతి. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా పిండం క్రోమోజోముల్లో తేడా వల్ల పోతాయి. నువ్వు తిన్నదానివల్లా, చేసిన పనివల్లా, ఈ ఐజీజీ వల్లా కాదు. గర్భం పోయిన ప్రతివాళ్లకూ టార్చ్ రాయడం ఇంకా చాలాచోట్ల ఉంది. దానివల్ల జవాబు దొరక్కపోగా, నీలాంటి పిల్లలు రాత్రుళ్లు నిద్ర మానేస్తున్నారు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. మీ అత్తగారికి ఈ పోస్టు చదివి వినిపించు.

రక్తపరీక్షల_రవి

నేను ల్యాబులో పనిచేస్తాను. డాక్టరు గారు చెప్పినదానికి చిన్న మాట కలుపుతాను. మిషన్ ఒక హద్దు పెట్టుకుని దాన్ని దాటితే పాజిటివ్ అని ప్రింట్ చేస్తుంది, అంతే. మంచి పాజిటివా చెడ్డ పాజిటివా అన్నది దానికి తెలియదు. ఇంకోటి, ఐజీఎం పాజిటివ్ వచ్చినా వెంటనే కంగారు పడకూడదు. వేరే ఏ వైరస్ జ్వరం వచ్చి ఉన్నా తప్పుగా చూపించొచ్చు. కొందరిలో పాత ఐజీఎం నెలల తరబడి పోదు. అలాంటప్పుడు ఐజీజీ అవిడిటీ అనే పరీక్ష చేస్తాం. అవిడిటీ ఎక్కువ ఉంటే ఇన్‌ఫెక్షన్ పాతదని, కొన్ని నెలల కిందటిదని తెలుస్తుంది. ఒక్క ఐజీఎం కాగితం పట్టుకుని గర్భం తీయించుకోవడానికి సిద్ధపడి వచ్చినవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి. రెండు మూడు వారాల తేడాతో మళ్లీ రక్తం ఇచ్చి, పెద్ద సెంటర్లో చూపించుకున్నాకే ఏ నిర్ణయమైనా తీసుకోండి.

ఏలూరు_అమ్మాయి

డాక్టరు గారూ, రవి గారూ, అక్కా, మీకు చాలా చాలా థాంక్స్. అత్తయ్యకు చదివి వినిపించాను. "ముందే చెప్పొచ్చు కదా ఆ ల్యాబువాళ్లు" అన్నారు. నా చెల్లెలికి వచ్చే నెల పెళ్లి. దానికి రుబెల్లా టీకా వేయించాలా?

బెజవాడ_గైనిక్

చాలా మంచి ప్రశ్న. 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లోనూ 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ తట్టు-రుబెల్లా టీకా ప్రత్యేకంగా వేశారు. అప్పటికే ఆ వయసు దాటిన అమ్మాయిలు చాలామందికి అది పడలేదు. ఇప్పుడు పెళ్లిళ్లవుతున్నది, పిల్లల్ని కంటున్నది ఎక్కువగా వాళ్లే. మీ చెల్లికి టీకా పడిందో లేదో తెలియకపోతే ఇప్పుడే వేయించుకోవచ్చు, తర్వాత ఒక నెల పాటు గర్భం రాకుండా చూసుకోవాలి. ఇది బతికున్న క్రిమిని బలహీనపరిచి చేసిన టీకా కాబట్టి కడుపుతో ఉన్నప్పుడు వేయరు. బాలింతలకు వేయొచ్చు, పాలిచ్చినా ఇబ్బంది లేదు.

రుబెల్లా పెద్దవాళ్లకు చాలా తేలిక జ్వరం. రెండు మూడు రోజులు దద్దురు, మెడ వెనక బిళ్లలు, అంతే. అదే మొదటి 12 వారాల్లో తల్లికి సోకితే నూటికి 85-90 మంది పిల్లల్లో లోపాలు వస్తాయి. పుట్టు శుక్లాలు, చెవుడు, గుండెలో రంధ్రం లాంటివి. 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు, తన దగ్గరికి వరసగా శుక్లాలతో వస్తున్న పసిపిల్లల తల్లుల్లో దాదాపు అందరికీ గర్భం తొలినాళ్లలో రుబెల్లా వచ్చిందని గమనించాడు. అప్పటిదాకా మాయ అడ్డుగా ఉంటుంది, తల్లి జబ్బు బిడ్డకు చేరదనే నమ్మకం బలంగా ఉండేది.

పాలమూరు_తండ్రి

సార్లు, మేడమ్‌లు, నాదొక అర్జెంట్ ప్రశ్న. నా భార్యకు ఐదో నెల. మాది ఉమ్మడి కుటుంబం. మా అన్న కొడుక్కి నిన్న ఒంటి మీద పొక్కులు లేచాయి, అమ్మవారు అంటున్నారు. వేపాకులు కట్టి బాబును ఇంట్లోనే ఉంచారు. నా భార్యకు చిన్నప్పుడు వచ్చిందో లేదో వాళ్ల అమ్మకు గుర్తు లేదు. మా వదిన "ఏం కాదు, అమ్మవారిని చూసి పారిపోకూడదు" అంటోంది. ఏం చేయాలి?

బెజవాడ_గైనిక్

బాబూ, మీ ఆవిడను ఈ రోజే పుట్టింటికో, వేరే ఇంటికో పంపించండి. పొక్కులు రావడానికి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుతుంది కాబట్టి ఆవిడకు ఇప్పటికే తగిలి ఉండొచ్చు. అందుకని రేపే డాక్టరుకు చూపించి చికెన్ పాక్స్ ఐజీజీ రక్తపరీక్ష చేయించండి. ఉంటే నిశ్చింత. లేకపోతే తగిలిన పది రోజుల్లోపు, రెడీమేడ్ రక్షణనిచ్చే ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ ఇస్తారు, అది దొరక్కపోతే మాత్రల గురించి డాక్టరు నిర్ణయిస్తారు. తగిలిన తర్వాత 10 నుంచి 21 రోజుల మధ్య పొక్కులు బయటపడతాయి. ఒక్క పొక్కు కనిపించినా 24 గంటల్లోపు డాక్టరు దగ్గర ఉండాలి.

బిడ్డకు లోపం వచ్చే ప్రమాదం 20 వారాల లోపు నూటికి ఒకటి రెండుకు మించదు, దానికి హడలిపోకండి. నేను ఎక్కువ భయపడేది తల్లి ఊపిరితిత్తుల గురించి. కడుపుతో ఉన్నప్పుడు ఆటలమ్మ న్యుమోనియాగా మారితే ప్రాణం మీదికి వస్తుంది. దగ్గు, ఆయాసం మొదలైతే ఒక్క గంట కూడా ఆగొద్దు. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి కాన్పయిన రెండు రోజుల వరకు తల్లికి పొక్కులు లేస్తే పుట్టిన బిడ్డకు చాలా తీవ్రంగా వస్తుంది, దానికి వేరే ఏర్పాట్లుంటాయి.

వేపాకులు కట్టుకోండి, అమ్మవారికి నైవేద్యం పెట్టుకోండి. మీ వదిన గారి నమ్మకాన్ని తప్పుపట్టను. కడుపుతో ఉన్న కోడలిని దూరంగా పెట్టడం అమ్మవారికి అపచారం కాదని ఆవిడకు నా మాటగా చెప్పండి.

పాలమూరు_తండ్రి

సాయంత్రం బస్సుకే మా అత్తగారింటికి తీసుకెళ్తున్నా. మాస్క్ పెట్టిస్తా. పొద్దున్నే రక్తం ఇస్తాం. మీ మేలు మరువం.

వార్డు_సిస్టర్

ఈ రోజు బస్సులో వెళ్లినా ఫరవాలేదు బాబూ. తగిలి ఉన్నా ఆవిడ నుంచి ఇంకొకరికి అంటే రోజులు ఇంకా ముందున్నాయి.

ఇక నా మాట. నేను ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. టార్చ్ గురించి ఇంత వివరంగా మాట్లాడుకుంటున్నారు, సంతోషమే. కానీ నెలలు నిండకుండా నొప్పులతో, చలి జ్వరంతో మా వార్డుకు వచ్చిన ఆడపిల్లల్లో నేను పదే పదే చూసింది మూత్రం ఇన్‌ఫెక్షన్. దాని గురించి ఏ గ్రూపులోనూ ఎవరూ అడగరు. అడిగితే సిగ్గు. మంటగా ఉందంటే "వేడి చేసిందిలే, బార్లీ నీళ్లు తాగు, సబ్జా గింజలు నానబెట్టుకో" అంటారు. నీళ్లు తాగితే మంచిదే. క్రిములు మాత్రం బార్లీకి చావవు.

గర్భంలో హార్మోన్ల వల్ల మూత్రనాళాలు వదులవుతాయి, పెరుగుతున్న గర్భసంచి వాటిని నొక్కుతుంది, మూత్రం నిలవ ఉండిపోతుంది. అక్కడ ఇ.కోలై లాంటి క్రిములు పెరుగుతాయి. నూటికి రెండు నుంచి పదిమంది గర్భిణులకు మూత్రంలో క్రిములుంటాయి గానీ మంట, నొప్పి, జ్వరం ఏమీ ఉండవు. అలా వదిలేస్తే వాళ్లలో సుమారు పాతిక, ముప్పై శాతం మందికి అది కిడ్నీలకు పాకుతుంది. అప్పుడు వణుకుతో జ్వరం, డొక్కలో నొప్పి, వాంతులు. నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు బిడ్డ, తల్లి రక్తంలోకి క్రిమి పాకడం, ఇవన్నీ దాని వెనకే వస్తాయి.

దీన్ని పట్టుకునే పరీక్ష యూరిన్ కల్చర్. మూడు, నాలుగు నెలల మధ్య ఒకసారి తప్పకుండా చేయించుకోవాలి. మామూలు మూత్రపరీక్ష వేరు, కల్చర్ వేరు, ఏది రాశారో చీటీలో చూసుకోండి. టార్చ్‌కు పెట్టే డబ్బు కంటే తక్కువకే అయిపోతుంది. ముందు శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది స్టెరైల్ డబ్బాలో పట్టి వెంటనే ఇవ్వాలి. గంటలు గంటలు బ్యాగులో ఉంచితే రిపోర్టు తప్పు వస్తుంది. ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

ఖమ్మం_టీచర్

సిస్టర్ గారూ, మీరు నా కథే చెప్పారు. ఏడో నెలలో రాత్రి దుప్పట్లు కప్పుకున్నా ఆగని వణుకు. కుడి డొక్కలో గుచ్చినట్టు నొప్పి. మలేరియా అనుకుని ఊళ్లో మందు వేశారు. తగ్గక ఆసుపత్రికి వెళ్తే కిడ్నీ దాకా వెళ్లిందన్నారు. సెలైన్లో యాంటీబయాటిక్ ఎక్కించారు, నొప్పులు ఆగడానికి వేరే మందు ఇచ్చారు. పాప నెల ముందే పుట్టింది.

నేను పనిచేసే బడిలో ఆడ టీచర్లకు తాళం వేసుకునే బాత్‌రూమ్ లేదు. పొద్దున ఇంట్లో వెళ్తే మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చాకే. అందుకని నీళ్లు తాగడం మానేస్తాం. కడుపుతో ఉన్నవాళ్లు కూడా అంతే. బస్సు కండక్టర్లు, పొలం పనికెళ్లేవాళ్లు, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే ఆడపిల్లలు, అందరిదీ ఇదే పరిస్థితి. గర్భిణులకు పోషకాహారం గురించి ఎన్నో పథకాలు వస్తున్నాయి, సంతోషం. ఒక్క శుభ్రమైన బాత్‌రూమ్ ఎంతమంది బిడ్డల్ని నెలలు నిండేదాకా కడుపులో ఉంచుతుందో ఎవరికీ పట్టడం లేదు. ఈ మాట నేను మా మీటింగుల్లోనూ చెప్తున్నాను, ఇక్కడా చెప్తున్నాను.

గుంటూరు_కోడలు

టీచరమ్మా, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పాప ఇప్పుడు ఎలా ఉంది?

ఖమ్మం_టీచర్

బాగుంది అక్కా. మొదట బరువు పెరగలేదు, ఇప్పుడు ఇల్లంతా పీకి పందిరేస్తోంది.

డల్లాస్_స్రవంతి

మాకు ఇక్కడ మొదటి విజిట్‌లోనే యూరిన్ కల్చర్ చేశారు, టార్చ్ అసలు చేయలేదు. అడిగితే లక్షణాలు గానీ స్కానింగ్‌లో తేడా గానీ ఉంటేనే చేస్తామన్నారు. 36 వారాలప్పుడు గ్రూప్ బి స్ట్రెప్ అనే క్రిమి ఉందేమోనని ఒక స్వాబ్ తీశారు. నాకు పాజిటివ్ వచ్చింది. నొప్పులు మొదలయ్యాక పెన్సిలిన్ ఎక్కించారు, అది పుట్టేటప్పుడు బిడ్డకు అంటకుండా. మన దగ్గర ఇది చేస్తారా? ఇంకొకటి, మా అమ్మ ఇండియా నుంచి పొడి దగ్గుకని ఏవో యాంటీబయాటిక్స్ తెచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లు ఏవి వాడకూడదో చెప్తారా?

బెజవాడ_గైనిక్

మన దగ్గర గ్రూప్ బి స్ట్రెప్ అందరికీ చేయరు. ఉమ్మనీరు ముందే పోయినా, నెలలు నిండకుండా నొప్పులొచ్చినా, కాన్పులో జ్వరమున్నా యాంటీబయాటిక్ ఇస్తాం. మూత్రం కల్చర్‌లో ఈ క్రిమి కనిపించినవాళ్లకు కూడా ఇస్తాం.

స్రవంతీ, అమ్మ తెచ్చినవి పక్కన పెట్టు. పొడి దగ్గు చాలాసార్లు వైరస్ వల్లే, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. గర్భిణులు సొంతంగా డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి వేసుకోకూడదు. అలాగని యాంటీబయాటిక్ అంటేనే భయపడి రాసిన కోర్సు మధ్యలో ఆపడం ఇంకా ప్రమాదం. అమాక్సిసిలిన్, సెఫాలెక్సిన్ లాంటివి ఎన్నో ఏళ్లుగా గర్భిణులకు వాడుతున్నవే. జ్వరానికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. డెంగీ రోజుల్లో ఐబుప్రొఫెన్ జోలికి అసలు పోవద్దు. తెల్లబట్ట పెరుగులా విరిగి దురద పెడుతుంటే అది ఫంగస్, లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ ఇస్తాం. షాపులో ఫ్లూకొనజోల్ మాత్ర అడిగి మింగొద్దు.

పిల్లి_ప్రేమిక

మా ఇంట్లో రెండు పిల్లులున్నాయి. ఇప్పుడు మూడో నెల. అందరూ వాటిని వదిలేయమంటున్నారు, నాకు మనసు ఒప్పడం లేదు. టాక్సో నెగెటివ్ నాకు.

వార్డు_సిస్టర్

వదలక్కర్లేదు తల్లీ. దాని మలం మాత్రం మీ ఆయన ఎత్తాలి, అదీ రోజూ. మలంలోని క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. పచ్చి మాంసం పెట్టొద్దు. తోటపని చేస్తే గ్లవ్స్ వేసుకో. మట్టి అంటిన కొత్తిమీర, ముల్లంగి, ఆకుకూరలు బాగా కడుగు. మనవాళ్లు మాంసం మెత్తగా ఉడికిస్తారు కాబట్టి అటువైపు భయం తక్కువ, బయట సగం కాలిన కబాబులు మానెయ్. ఇంట్లో మూడేళ్ల లోపు మొదటి బిడ్డ ఉంటే ఆ బిడ్డ ఎంగిలి తినడం ఆపు, డయపర్ మార్చాక సబ్బుతో చేతులు కడుక్కో. సీఎంవీ ఆ దారిలోనే వస్తుంది.

అరకు_ఆశా

అందరికీ నమస్కారమండి, నేను ఆశా కార్యకర్తను. మా కొండల్లో వానాకాలం వస్తే మలేరియా. కడుపుతో ఉన్నవాళ్లకు మలేరియా వస్తే క్రిములు మాయలో చేరతాయి, రక్తం తగ్గిపోతుంది, బిడ్డ చిన్నగా పుడుతుంది, ఒక్కోసారి కడుపులోనే పోతుంది. జ్వరం వస్తే మేం అక్కడికక్కడే కిట్‌తో చూస్తాం. ప్రైమాక్విన్ గర్భిణులకు ఇవ్వం, వేరే మందులు పీహెచ్‌సీ డాక్టరు గారు రాస్తారు. దోమతెర ఇస్తే చేపలు పట్టడానికి, మొక్కలకు కట్టడానికి వాడుతుంటే నాకు ఏడుపొస్తుంది.

ఇంకోటి కామెర్లు. నీళ్ల కామెర్లలో హెపటైటిస్-ఇ అనేది మామూలువాళ్లకు తగ్గిపోతుంది. అదే ఏడో నెల దాటినవాళ్లకు వస్తే నూటికి 20-25 మంది చనిపోవచ్చని మాకు ట్రైనింగులో చెప్పారు. మా దగ్గర కళ్లు పచ్చబడగానే పసరు పోయించడానికి తీసుకెళ్తారు, పథ్యం అని ఉప్పు, నూనె మాన్పిస్తారు. గర్భిణికి కళ్లు పచ్చబడితే పెద్దాసుపత్రికే తీసుకెళ్లండి. వానాకాలంలో కాచిన నీళ్లే తాగించండి.

బెజవాడ_గైనిక్

ఆశా గారూ, మీరు చెప్పిన అంకె సరైనదే. మీలాంటివాళ్లు ఊళ్లో ఉండబట్టే చాలామంది మా దాకా ప్రాణంతో వస్తున్నారు.

నెల్లూరు_పద్మ

నాదీ ఒకటి అడగాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు ఎనిమిదో నెల. హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చింది. ఇంట్లో మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. నా పళ్లెం, గ్లాసు వేరు పెడతారేమోనని భయం. బిడ్డకు పాలివ్వొచ్చా?

బెజవాడ_గైనిక్

పద్మా, అడిగి చాలా మంచి పని చేశావు. పాలివ్వొచ్చు. పళ్లెం, గ్లాసు వేరు పెట్టాల్సిన పనే లేదు, కలిసి తింటే ఇది అంటదు. ఇది నీ తప్పు కాదు. బహుశా నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మగారి నుంచే నీకు వచ్చి ఉండొచ్చు, అప్పట్లో పుట్టగానే ఈ టీకా వేసే ఏర్పాటు లేదు.

బిడ్డకు రాకుండా ఆపే సాధనం ఇప్పుడు మన చేతిలో ఉంది. పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా, ఎంత ముందైతే అంత మంచిది. దానితో పాటు 12 గంటల్లోపు రెండో తొడలో ఇమ్యూనోగ్లోబ్యులిన్. తర్వాతి డోసులు టైముకు వేయించాలి. ఇవేవీ లేకుండా పసికందుకు సోకితే నూటికి 90 మందికి జన్మంతా ఉండిపోతుంది. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష చేయించావా? మిల్లీలీటరుకు రెండు లక్షల యూనిట్లు దాటితే టెనోఫోవిర్ మాత్రలు ఏడో నెల నుంచే మొదలుపెడతాం. ఆలస్యమైందని మానొద్దు, ఈ వారమే లివర్ డాక్టరును కలువు.

నెల్లూరు_పద్మ

చేయించలేదండి. రేపే ఇస్తాను. నర్సింగ్ హోమ్‌లో అడిగితే టీకా ఉంది గానీ ఆ ఇమ్యూనోగ్లోబ్యులిన్ వాళ్ల దగ్గర ఉండదన్నారు. రాత్రిపూట నొప్పులొస్తే ఎలా?

వార్డు_సిస్టర్

ముందే కొని పెట్టుకోవాలి తల్లీ. డాక్టరు చీటీ తీసుకుని పెద్ద మెడికల్ షాపులో ఆర్డర్ ఇవ్వండి, తెప్పిస్తారు. అది ఫ్రిజ్‌లో ఉండాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. నర్సింగ్ హోమ్ ఫ్రిజ్‌లోనే పెట్టమని ఇప్పుడే అడగండి. ఖర్చు ఎక్కువనిపిస్తే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో కాన్పు గురించి, అక్కడ ఆ ఇంజెక్షన్ దొరుకుతుందా అని ముందుగా కనుక్కోండి. హెపటైటిస్ బి ఉందని తెలిసేలా కేస్ షీట్ మొదటి పేజీ మీద "హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్" అని పెద్దగా రాయించండి, రాత్రి డ్యూటీ నర్సుకు కనపడేలా. కాన్పు గదిలోకి వెళ్లేటప్పుడు మీ ఆయనకు ఒకే పని అప్పజెప్పండి. బిడ్డ పుట్టిన టైము రాసుకుని, రెండు ఇంజెక్షన్లూ పడేదాకా సిస్టర్‌ను వదలొద్దని చెప్పండి.

నెల్లూరు_పద్మ

సరే సిస్టర్. చీటీ రాయించుకోవడానికి పొద్దున్నే వెళ్తున్నాం, ఇద్దరం.